దిగిన టైము రాయని గడి

సోమవారం. మా లైన్‌మన్ పోయి ఈ రోజుకు ఇరవై రెండు రోజులు. మా వాగు ఒడ్డున ముళ్లకంచెకు కరెంటు పాకి, ఆదివారం పొద్దున ఎనిమిదీ నాలుగు నిమిషాలకు పోయాడు. మర్నాడు పేపర్లో నాలుగు వరుసలు వచ్చాయి. 'గాలికి తెగిన తీగ, రిటైర్డు లైన్‌మన్ మృతి' అని పైన పెట్టారు. అందులో మొదటి మాటే అబద్ధం. ఆ పొద్దున గాలి లేదు. వడియాలు పెట్టడానికి మేడ మీద పాత పేపర్లు పరిచాను. అంచులకు రాళ్లు పెట్టడం మరిచిపోయాను. ఒక్క పేపరు కూడా కదల్లేదు.

గాలి కాకపోతే ఏమిటో ఊరందరికీ తెలుసు. ఇన్నాళ్లూ నేను ఎందుకు రాయలేదంటే, నా దగ్గర ఒక్క అక్షరం తక్కువైంది. నిన్న అది దొరికింది. అందుకే ఈ రోజు కూర్చున్నాను.

ముందు మనిషి గురించి చెప్పాలి. తప్పు చేసినవాడి గురించి రాస్తూ పోయి, పోయినవాణ్ని రెండు మాటల్లో సరిపెట్టే అలవాటు మన పేపర్లకు ఉంది, నాకు లేదు.

మాది త్రిపురాంతకం దాటి మార్కాపురం వచ్చే దారిలో, వాగును ఆనుకున్న ఊరు. ఊరి చివరి ఇల్లు నాది. ముప్పై నాలుగేళ్లు బడిలో చెప్పి రిటైరయ్యాను. ఆయన మా ఊరికి లైన్‌మన్‌గా వచ్చినప్పుడు ఇంకా మీసాలు సరిగా రాలేదు. ఒక పొద్దున మా ఇంటి ముందు స్తంభం కింద నిలబడి, ముఖపరిచయం కూడా లేకుండా గట్టిగా అరిచాడు.

"అక్కా, లోపల గడియారం ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"తొమ్మిదీ పదకొండు. ఎల్‌సీ తీసుకున్నా. రాసుకో."

ఎల్‌సీ అంటే ఏమిటో ఆ రోజే నేర్చుకున్నాను. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ వాళ్లను అడిగి లైను ఆపించుకోవాలి. ఆపామని వాళ్లు చెప్పాక, ఆ టైము రెండు పక్కలా రాసుకున్నాకే ఎక్కాలి. దిగినాక దిగానని చెప్పాలి. ఆ మాట చెప్పిందాకా అవతల ఎవరూ స్విచ్చి ముట్టుకోకూడదు. వాళ్ల రిజిస్టరు వాళ్లకు ఉంటుంది కదా, నేనెందుకు రాయడమని అడిగాను.

"నా ప్రాణం టైము రెండు చోట్ల ఉండాల అక్కా. ఒక చోట చెరిగినా ఇంకో చోట ఉంటాది."

ఆ మాట నాకు నచ్చింది. నేనూ అట్లాంటి మనిషినే. గోడకు పెద్ద గళ్ల కేలండర్ వేలాడదీసి, నీళ్ల టాంకరు వచ్చిన టైము, గ్యాసు మార్చిన రోజు, కరెంటు పోయిన నిమిషం, వచ్చిన నిమిషం, అన్నీ రాస్తాను. అప్పటినుంచి ఆయన మా వీధిలో స్తంభం ఎక్కిన ప్రతిసారీ ఆ రోజు గడిలో రెండు అంకెలు పడ్డాయి. పైన ఎక్కిన టైము, కింద దిగిన టైము. "తొమ్మిదీ నలభై, దిగినా, రాసుకో" అనే కేక వినపడిందాకా పొయ్యి దగ్గర ఉన్నా నా చెవి వీధిలోనే ఉండేది. ముప్పై ఎనిమిదేళ్ల కేలండర్లు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. పైన అంకె ఉండి కింద అంకె లేని గడి ఒక్కటి కూడా లేదు. అంటే, ఈ ఏడాది దాకా లేదు.

చేతికి రబ్బరు గ్లవ్స్ లేకుండా ఆయన ఫ్యూజు కూడా ముట్టుకోలేదు. ఎండాకాలం వాటి లోపల చెమటకు చేతులు నానిపోయి తెల్లగా అయ్యేవి. పిల్లలు "గ్లవ్సు మామా" అని పిలిచేవాళ్లు. ఒకసారి వానకు మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. సబ్‌స్టేషన్‌కు ఫోను కలవలేదు, ఎల్‌సీ రాలేదు, ఆయన ఎక్కలేదు. వీధి వీధంతా స్తంభం కింద చేరింది. మా ఎదురింటి ఆమెకు నోరు ఎక్కువ.

"ఏంది బావా, సీరియల్ అయిపోతాంది. భయమైతే చెప్పు, నా చీర ఇస్తా, కట్టుకో."

"కట్టుకుంటాలే వదినా. నువ్వు నా గ్లవ్సు తొడుక్కుని ఎక్కు. ఇద్దరికీ సరిపోతాది."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఎక్కలేదు మాత్రం. "తీగ చచ్చిందని మనమనుకోవడమే అక్కా, అది మనకు చెప్పి చావదు" అని ఆ రోజే నాతో అన్నాడు.

ఇంకో సంగతి. క్రిస్మస్‌కు మా చర్చి మీద స్టారు వెలిగించడానికి సంఘం పెద్దలు లైనుకు కొక్కెం తగిలించారు. ఆయనా ఆ సంఘం మనిషే. ఆరాధన మధ్యలో లేచి బయటికి పోయి, ఎల్‌సీ అడిగి, కొక్కెం తీసి, తిరిగి వచ్చి అదే బల్ల మీద కూర్చున్నాడు. స్టారు ఆరిపోయింది. పాస్టరుగారు ప్రసంగం ఆపి చూశారు. "దేవునికి లైను కావాలంటే మీటరు పెట్టిస్తా అయ్యగారూ" అన్నాడు. మూడో రోజుకు మీటరు పెట్టించాడు కూడా.

రిటైరైన రోజు దండలు వేయబోతే, ముందు గ్లవ్స్ కొత్త పిల్లవాడికి అప్పగించి, చిల్లులు లేవని ఊది చూపించి, తర్వాతే మెడ వంచాడు. ఈ ఊళ్లో తీగ తగిలి చచ్చిన మనిషి ఆయన ఉద్యోగంలో ఒక్కరు కూడా లేరు. అది ఆయన అదృష్టం అని కొందరు అన్నారు. అదృష్టం కాదు. రాసుకున్నాం.

ఇప్పుడు విమానం సంగతి.

కనిగిరి వైపు మెట్టలో బత్తాయి తోటలు కొనుక్కున్న పట్నం మనిషి ఒకాయన ఉన్నాడు. తోట మధ్యలో నేల చదును చేయించి, ఇద్దరు పట్టే చిన్న తెల్ల విమానం తెచ్చుకున్నాడు. నడిపేది అతనే. పేరు ఇక్కడ రాయను. ఆ పేరు నేను జడ్జిగారి ముందు, బంట్రోతు పిలుస్తుండగా వినాలి. ఆదివారాలు వస్తాడు. మొదటిసారి మా వాగు వెంట ఎగిరినప్పుడు ఊరంతా మేడలెక్కింది. నేనూ ఎక్కాను. నేనూ చెయ్యి ఊపాను. దాచను.

అందరూ విమానాన్ని చూస్తుంటే మా లైన్‌మన్ ఒక్కడే వాగు మీది తీగలను చూశాడు.

"అక్కా, దాని చక్రాలకూ తీగకూ మధ్య ఎంతుందో చూసినావా? మనిషి నిలబడితే తల తగులుతాది. అర్జీ రాయి."

అర్జీలు రాయడం ఊళ్లో నా పని. పంపు చెడినా, బస్సు ఆగకపోయినా నేనే రాస్తాను. నేను రాసిన అర్జీ తిరిగి రాలేదని నాకు గర్వం. విమానం రెక్క కింద ఐదు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, అదే దాని నంబరు. నాలుగు చదివాను. ఐదోదాని మీద మట్టి కొట్టుకుని ఉంది.

"నంబరు పూర్తిగా లేకుండా రాస్తే చెత్తబుట్టలో వేస్తారు. వచ్చే ఆదివారం చూద్దాం" అన్నాను.

వచ్చే ఆదివారమూ ఆ అక్షరం కనపడలేదు. ఆ తర్వాతి ఆదివారమూ లేదు. అర్జీ మొత్తం రాసి, ఒక అక్షరం చోటు ఖాళీ పెట్టి, బీరువాలో ఉంచాను. తొమ్మిది ఆదివారాల టైములు కేలండర్‌లో రాశాను. ఆయన మూడుసార్లు అడిగాడు. మూడోసారి కొంచెం కోపంగానే అన్నాడు.

"లైను మీద మనిషున్నాడంటే ముందు ఆపుతాం అక్కా. పేరు తర్వాత అడుగుతాం."

నేను వినలేదు. నాకు నా అర్జీ నిండుగా ఉండడం ముఖ్యమైంది.

నేను రాయకపోయేసరికి ఆయనే మోపెడ్ వేసుకుని ఆ తోటకు పోయాడు. వచ్చి మా అరుగు మీద కూర్చుని చెప్పాడు. విమానం మనిషి మర్యాదగానే కుర్చీ వేయించాడట. బత్తాయి రసం ఇప్పించాడట. ఊళ్ల మీద ఎంత ఎత్తులో పోవాలో రూల్సు ఉంటాయి కదా సార్ అని అడిగితే నవ్వాడట.

"రూల్సన్నీ ఎయిర్‌పోర్టుల దగ్గర అంకుల్. ఇక్కడ ఆకాశం ఖాళీ. కావాలంటే మీరూ రండి, ఒక రౌండ్ వేద్దాం."

"మరి నువ్వేమన్నావు?" అన్నాను.

"నేను ఎక్కేది ముప్పై అడుగులే సార్, ఎక్కిన ప్రతిసారీ అడిగి ఎక్కినా. మీరు ఎవురినడిగి ఎక్కినారు అన్నా. ఆ మాటకు ఫోన్ చూసుకున్నాడు అక్కా."

రూల్సు తర్వాత నేనూ చదివాను. గిద్దలూరులో ఇంటర్ చదివే నా మనవరాలు సెల్లులో తీసి పెట్టింది. ఊళ్ల మీద వెయ్యి అడుగులకు తగ్గకూడదు. బయలు మీద అయినా ఐదు వందలకు తగ్గకూడదు. దేనికైనా తగిలితే వెంటనే తెలియజేయాలి. ఇందులో అర్థం కానిది ఏముంది? మా ఐదో తరగతి పిల్లలు ఒకసారి చెబితే అప్పజెప్పేవాళ్లు.

ఆ ఆదివారం నా కేలండర్ గడిలో ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

ఏడూ నలభై ఎనిమిది: విమానం. ఏడూ నలభై ఎనిమిది: కరెంటు పోయింది.

రెండూ ఒకే నిమిషం. చట్నీ తిప్పుతుంటే మిక్సీ ఆగింది. మేడ మీదికి పోయి చూశాను. విమానం ఒక పక్కకు ఒరిగి, సర్దుకుని, కనిగిరి వైపు పోతున్నది. వాగు మలుపు కనపడుతుంది గానీ అంత దూరంలో సన్నటి తీగ నా కంటికి ఆనదు, కాబట్టి తీగ తెగిందని నాకు తెలియలేదు. అతనికి తెలుసు.

ఎనిమిదీ ఒకటి. మా లైన్‌మన్ తెల్ల చొక్కా వేసుకుని చర్చికి పోతూ మలుపు దగ్గర తీగ చూశాడు. తీగ తెగి, చేల ముళ్లకంచె మీద వాలి ఉంది. ఆదివారం చర్చికి ఆయన ఫోను తీసుకుపోడు. దారికి అడ్డంగా చేతులు చాపి వచ్చేవాళ్లను వెనక్కి పంపుతూ, నా మేడ వైపు తిరిగి అరిచాడు.

"అక్కా! సబ్‌స్టేషన్‌కు ఫోన్ చెయ్యి! తీగ తెగింది, చార్జి చెయ్యొద్దని చెప్పు! ఎనిమిదీ ఒకటి, రాసుకో!"

చేశాను. ఎంగేజ్. కరెంటు పోయిందని ఊళ్లన్నీ అదే నంబరుకు చేస్తున్నాయి. మళ్లీ చేశాను. ఎంగేజ్. లైను ఉన్నట్టుండి ఆగితే, కారణం ఏదీ తెలియకపోతే, కాసేపు ఆగి ఒకసారి చార్జి చేసి, అంటే లైనులోకి కరెంటు మళ్లీ వదిలి, చూస్తారు. పిట్ట తగిలినా కొమ్మ తగిలినా ఆగుతుంది కనుక అది మామూలే. అక్కడి ఆపరేటరును నేను ఒక్క మాట కూడా అనను. అతనికి చెప్పవలసినవాడు చెప్పలేదు.

ఆ వేళకు కంచె అవతల నుంచి మేకలామె వస్తున్నది. మేకలు కంచె దూరి ఇవతలికి వచ్చేశాయి. ఆమె కంచె పట్టుకుని దాటబోయింది. మా లైన్‌మన్ "ముట్టుకోవద్దు తల్లీ, ముట్టుకోవద్దు" అని అరుస్తూ పరుగెత్తడం నేను మేడ మీద నుంచి చూశాను. ఎనిమిదీ నాలుగుకు కింద ఇంట్లో మిక్సీ తనంతట తాను తిరగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆమె చెయ్యి కంచెకు అతుక్కుపోయింది. ఆయన ఆమె రెండో చేతిలోని ఎండుకర్ర లాక్కుని, దానితోనే ఆమెను అవతలికి తోశాడు. తోసిన ఊపులో కాలు జారి కంచె మీద పడ్డాడు.

ఎనిమిదీ ఐదుకు నాకు ఫోను కలిసింది.

"ఇప్పుడే చార్జి చేసినామమ్మా, మీకు వచ్చిందా?" అన్నాడు ఆపరేటరు.

మార్కాపురం ఆస్పత్రికి తీసుకుపోయాం. అక్కడ చేయడానికి ఏమీ లేదు.

ఏడూ నలభై ఎనిమిది నుంచి ఎనిమిదీ నాలుగు దాకా పదహారు నిమిషాలు. నాకు దొరికినవి అందులో చివరి మూడు. విమానం మనిషికి పదహారూ ఉన్నాయి. ఒక్క ఫోను చాలు. వంద నంబరుకు చేసినా చాలు, తోట కాపలాదారుతో చెప్పినా చాలు. అతను ఫోను వాడలేదని కాదు. వాడాడు. ఎనిమిదీ రెండుకు వీడియో పెట్టాడు. నేను రెండోసారి ఎంగేజ్ వింటున్న నిమిషం అది. వీడియోలో మా వాగు, మా చర్చి కప్పు, ఒక కుదుపు, ఆ తర్వాత నవ్వు. కింద 'జస్ట్ మిస్' అని రాసుకున్నాడు. మధ్యాహ్నానికి తీసేశాడు. నా మనవరాలు అప్పటికే దాచింది. ఆ పిల్ల అంతకుముందు ఆదివారాల వీడియోలకు లైకులు కొట్టేది. ఇప్పుడు అన్నిటినీ టైములతో సహా వరుసగా పేర్చి పెట్టింది. నా మనవరాలే మరి.

విచారణకు వచ్చిన అధికారికి కేలండర్ చూపించాను. ఆయన మంచిగానే మాట్లాడాడు.

"రెండూ ఒకే నిమిషం జరిగినంత మాత్రాన రెండూ ఒకటేనని అనలేం కదమ్మా."

"అనొద్దు నాయనా. రాసుకో."

విమానం తీగకు తగలనే లేదని అతని తరఫువాళ్లు చెప్పారట. తీగ ముందునుంచే వదులుగా ఉందని కూడా చెప్పారట. ఆ తర్వాత మూడో రోజు మేకలామె వచ్చింది. చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. కొంగులోంచి అరచేయంత తెల్ల ఫైబరు ముక్క తీసి నా ముందు పెట్టింది.

"టీచరమ్మా, ఇది వాగు ఇసకలో దొరికింది. నా మేక నాకుతాంటే గుంజుకున్నా. ఇది యాడిది?"

"ఎక్కడిదో నాకు తెలుసు. ఎవరికీ ఇవ్వొద్దు."

"ఇయ్యను. ఆయన నన్ను తోసినాడు టీచరమ్మా. నేను తిట్టినా, ఎందుకు తోస్తావు మామా అని. ఆ తిట్టే విని పోయినాడు."

ఆ ముక్కను మళ్లీ ఆమె కొంగులోనే పెట్టి ముడి వేశాను.

లైన్‌మన్ ఇంటివాళ్ల కోసం చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు క్షమాపణ గురించి చెప్పారు. అయిపోయాక నా దగ్గరకు వచ్చి, "టీచరమ్మగారూ, పగ దేవునికి వదిలేయండి" అన్నారు. "వదిలేస్తాను అయ్యగారూ, ఆయన రిజిస్టరు ఆయనది. నా రిజిస్టరు నాది. రెండు చోట్ల ఉండాలి" అన్నాను. పక్కనే ఉన్న లైన్‌మన్ భార్య, భర్త పోయినాక మొదటిసారి, కొంచెం నవ్వింది.

నిన్న ఆదివారం. ఆరాధన అయ్యాక నేనూ ఆమె సమాధుల తోటకు పోయాం. ఆమె మట్టి మీద పూలు సర్దుతున్నది. అప్పుడు వినపడింది ఆ చప్పుడు. వాగు వెంట, మళ్లీ అదే ఎత్తున. ఆమె తల మీద కొంగు లాక్కుని సమాధి మీదికి వంగిపోయింది, ఆయన్ను కాపాడుతున్నట్టు.

"ఇంకేం కావాల వదినా వీనికి? ఇంకేం కావాల?"

నేను వంగలేదు. కళ్లజోడు సరిచేసుకుని పైకి చూశాను. రెక్క కడిగించాడు. ఐదు అక్షరాలూ తళతళలాడుతున్నాయి. ఒక చక్రానికి తెల్ల తొడుగు ఉంది, రెండో చక్రం బోసిగా ఉంది. అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను. పదకొండూ ఇరవై రెండు.

ఇక జరగవలసినవి, వరుసగా:

1. నిండుగా ఐదు అక్షరాలతో నా అర్జీ ఈ రోజే పౌర విమానయాన శాఖకూ, కలెక్టరుగారికీ, పోలీసు స్టేషనుకూ రిజిస్టరు పోస్టులో పోవాలి. ఇది మీరు చదివే వేళకు పోయి ఉంటుంది.

2. కేసు కాగితాల్లో 'గాలికి' అనే మాట కొట్టేయాలి. కొట్టేసినట్టు కనపడాలి, పైన సంతకం ఉండాలి.

3. మేకలామె దగ్గరున్న ముక్కను ఆ బోసి చక్రం పక్కన పెట్టి చూడాలి. ముక్క మా ఊరు దాటి పోదు. చక్రాన్నే ఇక్కడికి తేవాలి.

4. అతని లైసెన్సు తీసేయాలి. ఏడాదికో రెండేళ్లకో కాదు. అతను ముసలివాడై, తన బత్తాయి తోటలో మంచం మీద పడుకుని, పైన పోయే ప్రతి విమానాన్నీ కింది నుంచే చూడాలి.

5. కోర్టులో పదహారు నిమిషాలూ అతనే నిలబడి, ఒక్కో నిమిషం ఏం చేశాడో చదవాలి. ఎనిమిదీ రెండు దగ్గరికి వచ్చినప్పుడు గొంతు తగ్గించకూడదు. లైన్‌మన్ భార్య ముందు వరుసలో కూర్చుంటుంది. ఆమెకు వినపడాలి.

6. నా అర్జీ బీరువాలో ఎన్ని వారాలు ఉందో కూడా ఆ కాగితాల్లో చేరాలి. మొదటి పేజీలోనే రాశాను.

7. ఆ ఆదివారం గడిలో పైన 'ఎనిమిదీ ఒకటి' అని ఉంది. కింద దిగిన టైము రాసే చోటు ఖాళీగా ఉంది. కోర్టువాళ్లు కేలండర్ తీసుకుపోవచ్చు, ఫోటోలు తీసుకోవచ్చు, ముద్రలు వేసుకోవచ్చు. ఆ చోట మాత్రం ఎవరూ ఏమీ రాయకూడదు. ఇప్పటికీ పొయ్యి దగ్గర ఉన్నప్పుడు నా చెవి వీధిలోనే ఉంటున్నది.